దురద పోయిందంటే తామర పోయినట్టు కాదండి



సార్వా ఊడ్పులు అయిపోయాయి కదా, కాలవ వంతుల గురించో యూరియా కట్టల గురించో రాస్తాననుకుని ఉంటారు. ఇవాళ అది కాదు. మనం గట్టు మీద కూర్చుంటే మాట్లాడుకోని విషయం ఉండదు. ధాన్యం రేటు, రొయ్యల కౌంటు, అల్లుడి ఉద్యోగం, మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ, అన్నీ చెప్పుకుంటాం. ఒక్కటి మాత్రం ఎవరూ నోరు విప్పరు. అదే గజ్జల్లో తామర. పక్కనోడు పంచెలో చెయ్యి పెట్టి గోక్కుంటుంటే మనం మొహం అటు తిప్పుకుంటాం. మనం గోక్కుంటుంటే ఆయన అటు తిప్పుకుంటాడు. నేనూ రెండేళ్ళు అలాగే దాచుకున్నాను. దాచుకున్నందుకు కాలి వేలు పోయేదాకా వచ్చింది. మా మనవడికి కూడా అంటించాను. అందుకని సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళు.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. నరసాపురం దగ్గర ఎకరంన్నర సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. యాభై ఆరేళ్ళు వచ్చాయి. షుగర్ ఉందని 2015లో తెలిసింది. బిళ్ళలు వేసుకుంటున్నాను కదా అన్న ధైర్యంతో పరీక్ష చేయించుకోవడం మానేశాను. కొట్టంలో రాత్రి కాపలా, పొద్దున్నే టీ, మధ్యాహ్నం కంచం నిండా అన్నం. పండగొస్తే పూతరేకులు, మామిడి తాండ్ర. ఇదీ నా పథ్యం.

2021 సార్వాలో మొదలైందండి. వర్షాలు, బురద, తడిసిన డ్రాయరు, తడిసిన పంచె. కుడి గజ్జలో అణా బిళ్ళంత ఎర్రటి చక్రం లేచింది. అంచు గరుగ్గా, లేచి ఉంటుంది. మధ్యలో చర్మం మామూలుగా ఉన్నట్టే ఉంటుంది. రాత్రయితే దురద. ఎంత దురదంటే గోక్కుంటే హాయి, ఆపితే మంట.

ముందు తగిరిసాకు నిమ్మరసంతో నూరి రాశాను. మా నాన్న రాసేవాడు, అందుకని. చర్మం కాలినట్టయింది తప్ప తగ్గలేదు. తర్వాత మందుల షాపుకి వెళ్ళాను. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడి, తర్వాత గొంతు తగ్గించి, "దురదకి ఏదైనా గొట్టం ఇవ్వు బాబూ" అన్నాను. ఎక్కడ అని అడగలేదు, షుగర్ ఉందా అని అడగలేదు. ఒక చిన్న గొట్టం ఇచ్చాడు.

అద్భుతమండి. రాత్రి రాస్తే పొద్దుటికి దురద లేదు. మూడు రోజులకి ఎరుపు లేదు. వారానికి చర్మం నున్నగా అయిపోయింది. మందు మానేశాను. పది రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక చక్రం కాదు, మూడు. మళ్ళీ అదే గొట్టం. మళ్ళీ తగ్గింది. మళ్ళీ వచ్చింది, నడుం చుట్టూ, మొలతాడు కింద బెల్టు వేసినట్టు. అలా ఏడాదిన్నరలో ఎన్ని గొట్టాలు వాడానో నాకే లెక్క లేదు. ఆఖర్న గొట్టం రాసినా దురద సగమే తగ్గేది. తొడల లోపలి వైపు చర్మం పల్చబడి, ఆడవాళ్ళకి కాన్పు తర్వాత పొట్ట మీద పడే చారల్లాంటివి పడ్డాయి. వయసు వల్ల అనుకున్నాను.

మా ఆవిడకి ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు. రొమ్ముల కింద, నడుం దగ్గర వచ్చిందట. నాకు చెప్పలేదు. నేను దాచుకున్న గొట్టమే నాకు తెలియకుండా తనూ రాసుకునేది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే గొట్టం పిండుకున్నామండి. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు.

2023 సంక్రాంతికి మా పెద్దమ్మాయి, అల్లుడు గారు, నాలుగేళ్ళ మనవడు వచ్చారు. వాడు నన్ను వదలడు. నా తుండుతోనే మొహం తుడుచుకుంటాడు, నా దుప్పట్లోనే పడుకుంటాడు. వాళ్ళు ఊరెళ్ళిన రెండు వారాలకి పెద్దమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, బాబు మెడ మీద గుండ్రంగా ఏదో లేచింది, ఒకటే గోకుతున్నాడు. డాక్టరు గారు ఇంట్లో ఎవరికైనా తామర ఉందా అని అడుగుతున్నారు. మీకేమైనా ఉందా?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఆ మాట అన్నాక నాకు అన్నం సయించలేదండి. పంట పోయినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు.

ఆ దాళ్వాలోనే కాలి సంగతి జరిగింది. ఎడం కాలు చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య సందు ఎప్పుడూ నాని తెల్లగా ఉండేది, వాసన వచ్చేది. బురదలో తిరిగే కాళ్ళు కదా, మనందరికీ ఉండేదే అని పట్టించుకోలేదు. అదీ తామర జాతి బూజే అని నాకు తెలియదు. ఫిబ్రవరిలో కలుపు తీయిస్తున్నప్పుడు ఆ సందు చీలింది. నొప్పి తెలియలేదు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారి, అరికాళ్ళకి స్పర్శ తగ్గిపోయింది. అదీ అప్పుడు తెలియదు. రెండో రోజు సాయంత్రం చలి జ్వరం. మూడో రోజు పొద్దున లేచేసరికి పాదం రొట్టెలా పొంగి, ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది. మా ఆవిడ చూసి, "ఏవండీ, ఇది వాపు కాదు, పదండి" అని ఆటో పిలిచింది.

భీమవరంలో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చేరినప్పుడు షుగర్ 386. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10.8 వచ్చింది. అది 7 దగ్గర ఉండాలి. సెలైన్లో యాంటీబయాటిక్, పొట్టకి ఇన్సులిన్. సర్జన్ గారు రోజూ వచ్చి పెన్నుతో ఎరుపు అంచు మీద గీత గీసేవారు, మర్నాడు ఎరుపు గీత దాటిందా లేదా చూడడానికి. రెండో రోజు దాటింది. ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు. మూడో రోజు ఆగింది, నాలుగో రోజు వెనక్కి తగ్గింది. "ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉండి ఉంటే వేలు తీయాల్సి వచ్చేదండి" అన్నారాయన. "దారి ఎక్కడుందో చూడండి" అని ఆ వేలి సందు చూపించారు. బూజు చర్మాన్ని చీల్చింది, ఆ చీలికలోంచి బ్యాక్టీరియా లోపలికి పోయింది. గండి పడ్డాక ఏ నీరైనా వస్తుంది కదండి, అలాగ.

ఆసుపత్రిలో ఉన్నప్పుడే మా చిన్నమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. తను బీఫార్మసీ చదివింది. చదివించింది నేనే, మందు అడగడానికి మాత్రం సిగ్గుపడి ఎవరో షాపువాడిని అడిగాను. ఇంటికెళ్ళి బట్టలు సర్దుతుంటే పరుపు కింద ఖాళీ గొట్టాలు దొరికాయట. ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "నాన్నా, దీని మీద ఏం రాసుందో చదవండి" అంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఒక బూజు మందు, ఒక యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటసాల్.

"ఆ మూడోది స్టెరాయిడ్ నాన్నా. చాలా బలమైనది. అది బూజుని చంపదు. మీ ఒంటి కాపలా వాడిని నిద్రపుచ్చుతుంది. కాపలా వాడు అరవడం మానేశాడని దొంగ వెళ్ళిపోయాడనుకున్నారు" అంది.

ఎరుపూ, దురదా అంటే ఒళ్ళు బూజుతో పోరాడుతున్న గుర్తు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది, బూజు మాత్రం హాయిగా లోపలికీ పక్కకీ పాకుతుంది. పైగా చర్మం పల్చబడుతుంది, చారలు పడతాయి, ఆ చారలు పూర్తిగా పోవు. ఎక్కువ మేర, ఎక్కువ రోజులు రాస్తే ఒంట్లోకి ఇంకి షుగర్ని కూడా పెంచగలదట. అంటే షుగర్ వల్ల తామర, తామరకి గొట్టం, గొట్టం వల్ల మళ్ళీ షుగర్. గానుగెద్దులా అదే చుట్టూ తిరిగాను.

ఇది నా ఒక్కడి కథ కాదండి. దేశమంతా ఇదే గొడవట. పదేళ్ళకి పైగా మన దేశంలో తామర తీరే మారిపోయిందని చర్మ డాక్టర్లు మొత్తుకుంటున్నారు. ముందు రెండు వారాల పూతతో పోయేది ఇప్పుడు నెలల తరబడి వదలడం లేదు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూత మందుల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నేను చీటీ లేకుండా కొన్నది ఆ తర్వాత మూడేళ్ళకి.

ఇంకో సంగతి. మన దేశంలో తిరుగుతున్న ఈ మొండి బూజుకి జపాన్ శాస్త్రవేత్తలు 2020లో పేరు కూడా పెట్టారు, ట్రైకోఫైటన్ ఇండోటినియే అని. పేరులోనే ఇండియా ఉంది. గొప్పగా చెప్పుకునే విషయం కాదు. టెర్బినాఫిన్ అని తామరకి మామూలుగా ఇచ్చే బిళ్ళ ఉంది. ఈ రకం బూజు చాలాసార్లు దానికి లొంగడం లేదు. 2023లో అమెరికాలో, న్యూయార్కులో కూడా ఇద్దరికి కనబడిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

కాలు కుదుటపడ్డాక చర్మ డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. నేనూ, మా ఆవిడా ఇద్దరం. ఆవిడ ముందు మందు రాయలేదు. చిన్న కత్తితో మచ్చ అంచున పొట్టు గీకి, గాజు పలక మీద మందు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. "దారాల్లాగ కనబడుతోంది, బూజే" అన్నారు. అన్ని దురదలూ తామర కాదట. గజ్జి వేరు, సోబి వేరు, గజ్జి తామర వేరు. షుగర్ వాళ్ళకి చర్మం మడతల్లో తడితడిగా, ఎర్రగా, చుట్టూ చిన్న చిన్న పొక్కులతో వచ్చేది ఇంకో రకం, కాండిడా. ఒక్కోదానికి ఒక్కో మందు. తెగులేంటో చూడకుండా మందు కొట్టేస్తామా మనం? ఒంటికి మాత్రం కొట్టేస్తాం.

"మీరు రైతు కదండీ, పాముపొడ ఎప్పుడు ఎక్కువ వస్తుంది?" అని అడిగారావిడ.

"యూరియా ఎక్కువేసి చేను మరీ పచ్చగా, గుబురుగా ఉంటే వస్తుందండి. గాలి ఆడకపోతే వస్తుంది" అన్నాను.

"మరి మీ ఒంట్లో యూరియా ఎంతుందో తెలుసా? 10.8" అన్నారు.

నాకు ఠక్కున బుర్రకెక్కిందండి. పాముపొడ కూడా బూజు తెగులే కదా. మార్టేరు శాస్త్రవేత్తలు మనకి ఎన్నేళ్ళుగా చెబుతున్నారు? నత్రజని తగ్గించండి, గట్ల మీద గడ్డి తీయండి, పాయలు తీసి గాలి ఆడనివ్వండి, అప్పుడు మందు కొట్టండి అని. మందొక్కటే కొట్టి మిగతావి మానేస్తే తెగులు మళ్ళీ వస్తుందని మనకి తెలుసు. ఒళ్ళూ అంతే. షుగర్ ఎక్కువున్న ఒంట్లో బూజుతో పోరాడే తెల్ల రక్తకణాలు సరిగ్గా పనిచెయ్యవు. చెమట, తడి, మడతలు, గాలి ఆడని డ్రాయరు. ఇవన్నీ అలాగే ఉంచి ఎంత ఖరీదైన బిళ్ళ మింగినా ఉపయోగం తక్కువ.

మనం పాముపొడకి కొట్టే హెక్సాకొనజోల్, డాక్టరమ్మ గారు నాకు రాసిన ఇట్రాకొనజోల్, రెండూ ఒకే కుటుంబం మందులు. చివర "కొనజోల్" చూడండి. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఒకాయన "అయితే పొలం మందే కాస్త రాస్తే పోలా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఇలాంటివి చేసేవాళ్ళున్నారు. కిరసనాయిలు రాసినవాళ్ళని నేను చూశాను. దయచేసి చెయ్యకండి. పొలం మందు ఒంటికి విషం. చుట్టరికం పేరులోనే.

ఇక వైద్యం. నాకు ఇచ్చినట్టే మీకిస్తారని కాదు, ఎలా ఉంటుందో తెలియాలని చెబుతున్నాను. లివర్ పరీక్ష చేయించి, గుండె సంగతి అడిగి, అప్పుడు బిళ్ళలు మొదలుపెట్టారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఇట్రాకొనజోల్ ఇవ్వరట. కొలెస్ట్రాల్ బిళ్ళల్లో కొన్నిటికీ దీనికీ పడదు. నేను వేసుకునేది ఈ మందు అయ్యేదాకా ఆపమన్నారు. ఇదే కుటుంబంలో ఫ్లూకొనజోల్ అని ఇంకోటుంది. అది గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్ళలతో కలిస్తే షుగర్ మరీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. కాబట్టి మీరు మింగే ప్రతి బిళ్ళా సంచిలో వేసుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పొయ్యండి. పేర్లు గుర్తుండక్కర్లేదు.

మూడు వారాలు వాడినా నాకు పెద్దగా తగ్గలేదు. మందు మార్చమంటే ఆవిడ మార్చలేదు. "ఇంకేం వేసుకుంటున్నారు?" అని అడిగారు. ఏమీ లేదండి అన్నాను. మా ఆవిడ పక్కనుంచి, "గ్యాస్ బిళ్ళ పొద్దున్నే వేసుకుంటారండి" అంది. అదీ ఒక బిళ్ళేనా అనుకున్నాను నేను. కడుపులో పులుపు ఉంటేనే ఇట్రాకొనజోల్ ఒంటికి పడుతుందట. గ్యాస్ బిళ్ళ ఆ పులుపుని చంపేస్తుంది. మూడు వారాలు మందు ఒంటికి సరిగ్గా పట్టలేదన్నమాట. గ్యాస్ బిళ్ళ ఆపించి, అన్నం తిన్న వెంటనే వేసుకోమన్నారు. పది రోజుల్లో అంచులు చదునయ్యాయి.

పూత మందు కూడా ఇచ్చారు, స్టెరాయిడ్ లేనిది. రాసే పద్ధతి కూడా చెప్పారు. మచ్చ మీద ఒక్కటే కాదు, అంచు దాటి చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున రాయాలి. బూజు కనబడే అంచు కంటే ముందుకి పాకి ఉంటుంది. బయటి నుంచి లోపలికి రాసుకుంటూ రావాలి.

ఒక హెచ్చరిక. స్టెరాయిడ్ గొట్టం ఆపగానే మొదటి వారం పది రోజులు దురద, ఎరుపు రెట్టింపయ్యాయి. నిద్రపోయిన కాపలా వాడు లేచాడు కదా, అరుస్తాడు. చాలామంది ఇక్కడే భయపడి మళ్ళీ పాత గొట్టం దగ్గరికి పోతారు. ఆ పది రోజులకి దురద తగ్గే బిళ్ళ డాక్టరమ్మ గారే ఇచ్చారు. ఓర్చుకున్నాను.

నాలుగో వారానికి దురద పూర్తిగా పోయింది. ఇక చాలనిపించింది. ఖర్చూ ఉంది కదా. కానీ ఈసారి ఆపలేదు. మచ్చ పూర్తిగా పోయాక కూడా రెండు వారాలు వాడాలన్నారు. నాకు మొత్తం తొమ్మిది వారాలు పట్టింది, మా ఆవిడకి ఆరు. మనవడికి అక్కడి డాక్టరు పూత మందుతోనే నెలలో తగ్గించారు.

మనవడి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే పెద్దమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, ఆ రోజు అబద్ధం చెప్పాను. వాడికి నా నుంచే అంటుకుంది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పుంటే మీ కాలు ఇంతదాకా వచ్చేది కాదు కదా నాన్నా" అని ఏడ్చింది. తిడుతుందనుకున్నాను, ఏడ్చింది. అల్లుడు గారు ఫోన్ తీసుకుని, "మామయ్యా, నాకూ ఉంది, ఆఫీసులో కూర్చోలేకపోతున్నా. ఆ మందేంటో చెప్పండి" అన్నారు. మందు పేరు చెప్పలేదు, డాక్టరుకి చూపించుకోమని చెప్పాను.

ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం జరగాలండి. ఒకరు వాడి ఒకరు మానేస్తే, మన చేలో మందు కొట్టి గట్టు మీద గడ్డి వదిలేసినట్టే.

ఇక రోజువారీ పనులు. ఇవి మందు కంటే కష్టం, ఎందుకంటే రోజూ చెయ్యాలి. రెండేళ్ళుగా మా ఇంట్లో జరుగుతున్నవే చెబుతున్నాను.

తుండ్లు ఎవరివి వాళ్ళవే. నాది నీలం గళ్ళది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. మనవడు వస్తే వాడికి వేరే తుండు, వేరే దుప్పటి.

లోపలి బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎర్రటి ఎండలో ఆరేస్తాం. వానాకాలం ఆరకపోతే ఇస్త్రీ పెట్టె వేడి తగలనిచ్చి గానీ వేసుకోను. సగం తడి డ్రాయరు వేసుకోవడం పూర్తిగా మానేశాను. బిగుతు నైలాన్ డ్రాయర్లు పారేసి వదులు నూలువి కొన్నాను.

స్నానం అయ్యాక గజ్జలు, చంకలు, వేలి సందులు అద్ది అద్ది ఆరనిచ్చి అప్పుడు బట్ట కడతాను. రుద్దకూడదు, అద్దాలి.

మొలతాడు సంగతి. డాక్టరమ్మ గారు, "నూలు మొలతాడు ఎప్పుడూ తడిగా ఉంటుంది, బూజు దానిలో దాక్కుంటుంది, తీసెయ్యండి" అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. ఎనభై ఏళ్ళ మనిషి, మగాడికి మొలతాడు లేకపోవడమేంటని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి మధ్యే మార్గం తేలింది. నూలుది తీసేసి సన్నటి వెండిది చేయించుకున్నాను. స్నానంలో కడగొచ్చు, తుడవొచ్చు. అమ్మా సంతోషించింది, చర్మమూ సంతోషించింది. వెండి కొనలేనివాళ్ళు కొన్నాళ్ళు తీసెయ్యండి, దేవుడేమీ అనుకోడు.

కాళ్ళు. బురదలో దిగకుండా మనకి కుదరదు. కానీ గట్టెక్కగానే మంచి నీళ్ళతో కడిగి, పాత నూలు గుడ్డతో ఒక్కో వేలి సందూ తుడుస్తాను. బండి డిక్కీలో ఒక సీసా నీళ్ళు, రెండు పొడి గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. రాత్రి మా ఆవిడ నా అరికాళ్ళు దీపం దగ్గర చూస్తుంది. నాకు స్పర్శ లేదు కాబట్టి ఆవిడ కళ్ళే నాకు నొప్పి. పగిలిన మడమలకి నూనె రాస్తాను, వేలి సందుల్లో మాత్రం రాయను, అక్కడ పొడిగా ఉండాలి. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టను. స్పర్శ లేని కాలికి కాలినా తెలియదు.

షుగర్. ఇదే అన్నిటికీ మూలం. కంచంలో అన్నం సగానికి తగ్గించాను. తగ్గించిన చోట కూర, పప్పు పెట్టుకుంటున్నాను. గోదావరి జిల్లా మనిషికి అన్నం తగ్గించడమంటే ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. టీలో పంచదార లేదు. మూడు నెలలకోసారి రక్త పరీక్ష. 10.8 నుంచి 8.2, తర్వాత 7.1. పోయిన సంక్రాంతికి కాస్త నోరు కట్టుకోలేక 7.9 అయింది. సరిగ్గా ఆ నెలలోనే వేలి సందు మళ్ళీ నానడం మొదలుపెట్టింది. ఈసారి రెండో రోజే డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. పూత మందుతోనే పోయింది. దీన్ని పూర్తిగా గెలిచానని నేను అనను. కనిపెట్టుకుని ఉంటున్నాను, అంతే.

ఇంకొక్క మాట, ఇది మగాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా. ఈమధ్య షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ళలు చాలామందికి రాస్తున్నారు. మంచి మందులే, గుండెకీ కిడ్నీకీ కూడా మేలు చేస్తాయంటారు. అవి ఒంట్లో చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి. చక్కెర నీళ్ళు పోయే దారి కాబట్టి కొందరికి అక్కడ బూజు పట్టి దురద, మంట, మగాళ్ళకి చర్మం వాచి వెనక్కి రాకపోవడం జరుగుతుంది. ఇది వేరే రకం బూజు, సుఖవ్యాధి కాదు. మా బంధువు ఒకాయనకి ఇలాగే వస్తే భార్య అనుమానించి నెల రోజులు మాట్లాడలేదు. ఈ బిళ్ళ వాడుతూ దురద వస్తే బిళ్ళ మీరే ఆపెయ్యకండి, దాచుకోనూ వద్దు. రాసిన డాక్టరుకి చెప్పండి. మూత్రానికి వెళ్ళాక నీళ్ళతో కడుక్కుని తుడుచుకోవడం అలవాటు చేసుకోండి.

లెక్క కూడా చెప్పేస్తాను, రైతులం కదా. మొదట్లోనే చర్మ డాక్టరుకి చూపించుకుని ఉంటే ఫీజు, బిళ్ళలు కలిపి నాలుగైదు వేలతో పోయేది. గొట్టాలకి ఎంత తగలేశానో తెలియదు. ఆసుపత్రిలో ఆరు రోజులకీ, తర్వాత మందులకీ కలిపి యాభై వేలు దాటింది. ఆ దాళ్వాలో ఎకరానికి మిగిలింది దానికే పోయింది. సిగ్గు ఖరీదు అదండి.

చదివినవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో పరుపు కిందో, దేవుడి గూటి వెనకో గొట్టం దాచి ఉంటే ఇవాళ తీసి, దాని మీద ఏం రాసుందో పిల్లల చేత చదివించండి. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్, మోమెటసోన్, ఇలా "సాల్", "సోన్" అని ముగిసే పేరు కనబడితే ఆ గొట్టం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగర్ పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయిందో ఆలోచించండి. మాటిమాటికీ తామర వస్తోందంటే, ఇంతవరకూ షుగర్ లేదనుకున్నవాళ్ళు కూడా ఒకసారి రక్తం ఇచ్చి రండి.

గట్టు మీద ఎవరైనా గోక్కుంటుంటే ఈసారి మొహం తిప్పుకోకండి. "నాకూ వచ్చిందండి, ఇలా తగ్గింది" అని ముందు మీరు చెప్పండి. నాకు ఆ ఒక్క మాట 2021లో ఎవరైనా చెప్పి ఉంటే మా మనవడి మెడ మీద మచ్చ లేచేది కాదు.

ఉంటానండి. రేపు కాలవ నీళ్ళ వంతు మనదే, తెల్లారకుండా వెళ్ళాలి. డిక్కీలో పొడి గుడ్డలు పెట్టుకున్నాను.

మీ నరసాపురం రైతు